డైరెక్ట్ తీగ

బాలనాగమ్మ చేతిని స్టార్టర్ డబ్బా నుంచి విడదీయడానికి కట్టెతో కొట్టవలసి వచ్చింది. కొట్టింది నేనే. ఎండిన వేపకట్టె. ప్రాణం పోయి చాలాసేపయింది, కరెంటు మాత్రం పోలేదు. వేళ్లు రేకును పట్టుకుని వదలలేదు. మణికట్టు విరిగిన చప్పుడు విన్నాను. అప్పుడు ఊడింది. నా భార్య నా చేతి దెబ్బతో నేల మీద పడింది.

ఆ డబ్బాలో తీగ పెట్టింది నా తమ్ముడు వెంకట్రాములు.

మా పొలం గద్వాల నుంచి మల్దకల్ పోయే దారిలో ఉంది. విత్తనం కోసం వేసే సీడు పత్తి. ఆ రోజుల్లో బోర్లకు కరెంటు ఎప్పుడిచ్చేదీ ఎవరికీ తెలిసేది కాదు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే ఎత్తుకోవాలని స్టార్టర్లో అడ్డంగా ఒక తీగ కలిపేవాళ్లు. దాన్ని డైరెక్ట్ ఇవ్వడం అంటారు. స్టార్టరు ఉన్నదే ఏదైనా తేడా వస్తే మోటరును ఆపడానికి. ఆ ఆపే గుణం తీసేస్తే అదొక రేకు డబ్బా. రాములు మోటర్లు చుట్టే మేస్త్రీ. మా మోటరుకు సాయంత్రం డైరెక్ట్ ఇచ్చి ఇంటికి పోయాడు. తీగ కొస ఒకటి రేకుకు తగులుతున్నది. పొద్దున బాలనాగమ్మ సాళ్లకు నీళ్లు పెడదామని పోయి, మోటరు తిరగడం లేదని డబ్బా తెరిచింది. అప్పుడే కరెంటు వచ్చింది.

శవం ముందు నిలబడి రాములు ఒక మాట అన్నాడు.

"నేను చెప్పిన వదినకు. డైరెక్ట్ ఇచ్చిన, డబ్బా ముట్టకు అని చెప్పిన. మరిచిపోయింది కావచ్చు."

ఊరంతా ఆ మాటనే పట్టుకుంది. చెప్పిండంట. మరిచిందంట. తడిచేతులతో ముట్టిందంట. దహనం కాకముందే తప్పు చచ్చినామెది అయిపోయింది. బాలనాగమ్మ మరిచే మనిషి కాదు. ఆమె పొయ్యి మీద పెట్టిన పాలు ఒక్కనాడు పొంగి పోలేదు. నేను కొడవలి తీసుకుని వాడి మీదికి పోయాను. పక్కవాళ్లు నన్ను నేలకు అదిమి పట్టారు. వాడి చెవి తమ్మె మాత్రమే తెగింది. తల తెగవలసింది.

ఆ తరువాత వాడితో నేను మాట్లాడలేదు. వాడు గడప లోపలికి వస్తే నేను గడప బయటికి పోయేవాణ్ని.

నా కొడుకు ప్రశాంత్‌కు చిన్నాయిన అంటే ప్రేమ. పెళ్లయ్యాక గద్వాలలో కాపురం పెట్టాడు, నన్నూ తెచ్చుకున్నాడు. కోడలు అమూల్యది పాన్‌గల్. ఇంటర్ చదివింది. ఇంట్లో పని చేసి, పత్తిపూలకు క్రాసింగు చేసే రోజుల్లో కూలోళ్లతో పాటు పొలంలో నిలబడేది. ఒళ్లు దాచుకునే పిల్ల కాదు. ఆమె కోసమే ప్రశాంత్ వాషింగ్ మిషను తెచ్చాడు. మూత పైకి తెరిచే రకం. మూత ముందు చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఎర్రటి అంకెలు, ఎంతసేపు తిరుగుతుందో చూపేవి. మిషనుకు ఏదైనా అయితే అంకెలు పోయి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి.

మొదట వచ్చింది ఐ.ఈ. పీపీ మని మొత్తుకుని మిషను ఆగిపోయింది. దాంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అమూల్య చదివి చెప్పింది.

"నీళ్లు వస్తలేవంట మామా."

నల్లా తిప్పి చూశాను. నీళ్లు బాగానే ఉన్నాయి. ప్రశాంత్ వాళ్ల చిన్నాయినకు ఫోను చేశాడు. నేను లేచి బయటి అరుగు మీదికి పోయాను. కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. రాములు వెనక పైపు విప్పాడు. పైపు మూతిలో వేలిగోరంత జాలీ ఉంది. దాని నిండా ఇసుక, మట్టి. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది కడిగి మళ్లీ బిగించాడు. అక్షరాలు పోయాయి, నీళ్లు పడ్డాయి. పని సరిగ్గానే చేశాడు. వాడికి పని తెలుసు. తెలియనివాడు చంపి ఉంటే నాకు ఇంత పగ ఉండేది కాదు.

తరువాత ఓ.ఈ. వచ్చింది. నీళ్లు బయటికి పోవడం లేదని దాని అర్థం. ఈసారి వాణ్ని పిలవనియ్యలేదు. మురికి నీళ్లు పోయే గొట్టం నేనే విప్పాను. లోపల ఎర్రగా మెత్తగా ఏదో అడ్డం పడి ఉంది. వేలు పెట్టి గుంజితే, కోసిన కోడి పేగుల్లా సాగుతూ వచ్చింది. సీడు పత్తిలో సాయంత్రం మొగ్గ గిల్లి, దాని మీద ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి ఆ గుర్తు చూసి పుప్పొడి రుద్దుతారు, అదే క్రాసింగు. ఆ కాగితాలు అమూల్య చీర కొంగులో ఉండిపోయి మిషనులో నానాయి.

"కొంగు దులిపి వెయ్యాలె బిడ్డా."

"దులుపుత మామా," అంది.

ఒకనాడు ప్రశాంత్ పెద్ద జంబుఖానా ఒక్కటే లోపల కుక్కాడు. నీళ్లు పిండే చోటికి వచ్చేసరికి బరువంతా ఒకవైపు పడింది. మిషను నాలుగు కాళ్ల మీద ఎగిరింది. గోడను గుద్దింది. నల్లా పైపు తెగి నీళ్లు చిమ్మాయి. కట్టేసిన దున్న తాళ్లు తెంపుకున్నట్టు వంటింటి దాకా నడిచి వచ్చింది. ప్రశాంత్ దాన్ని కౌగిలించుకుని ఆపబోయాడు. వాణ్ని కూడా ఈడ్చింది, మోకాలి చిప్ప పగిలింది. అంత ఎగిరి అప్పుడు ఆగి యు.ఈ. అని చూపింది. సామాను సమంగా లేదని. జంబుఖానా తీసేస్తే మామూలైంది.

నాకు మిషను మీద కోపం లేదు. తన్నినా గుద్దినా ఎక్కడ తప్పు ఉందో చెప్పేది.

చివరికి డి.ఈ. వచ్చింది. అమూల్య మూత తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది. పోలేదు. ప్రశాంత్ ఫోను చేశాడు. రాములు వస్తుంటే నేను చెప్పులు వేసుకున్నాను. గడప దాటుతుంటే వాడి మాట వినిపించింది.

"డి.ఈ. వచ్చిండా? కరెంటాఫీసుల ఎన్నిసార్లు తిరిగినా దొరకని ఇంజనీరు సారు. మీ ఇంట్ల కూసున్నడా?"

ప్రశాంత్ నవ్వాడు.

"మూత మంచిగ పడలేదని చెప్తున్నది చిన్నమామా. పుస్తకంల ఉంది," అంది అమూల్య.

"మూత పడ్డది మన కండ్లకు కనపడ్తుంది. దానికే కనపడ్తలేదు. గసొంటిదాని నోరు మూయాలె."

నేను తిరిగి వచ్చేసరికి మిషను తిరుగుతున్నది.

"ఏం చేసిండు?" అని అమూల్యను అడిగాను.

"తెల్వదు మామా. నేను పొయ్యికాడ ఉన్న. వెనక విప్పి ఏదో చేసిండు. మంచిగైంది అని పోయిండు."

ఆ వారంలోనే జరిగింది. మిషను బట్టలు పిండుతుంటే కరెంటు పోయింది. అమూల్య కొంతసేపు చూసి, తడిబట్టలు బయట ఆరేద్దామని మూత తెరిచింది. చీర కొస చేతికి చుట్టుకుని గుంజుతున్నది. కరెంటు వచ్చింది. మూత తెరిచి ఉంటే మిషను ఆగాలి. డి.ఈ. చూపాలి. ఆగలేదు, ఏమీ చూపలేదు. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టింది.

గాజులు పగిలిన చప్పుడు విని పరిగెత్తాను. అమూల్య చెంప మిషను అంచుకు ఆని ఉంది, చేయి భుజం దాకా లోపల ఉంది. స్విచ్చు కొట్టి, ప్లగ్గు పీకి, చీర కోసి చేయి బయటికి తీశాను. మణికట్టు వాచి నల్లబడింది. గాజు పెంకులు మాంసంలోకి దిగాయి. నీళ్లలో రక్తం. పెంకులు ఒక్కొక్కటే గోటితో తీశాను. పిల్ల పళ్లు బిగబట్టుకుంది, ఏడవలేదు.

దవాఖానలో కట్టు కట్టించుకుని వచ్చాక, స్క్రూ డ్రైవరు తీసుకుని మిషను వెనక విప్పాను. మూత కింద ఒక చిన్న స్విచ్చు. దాని నుంచి వచ్చే రెండు తీగలూ కోసి, ఒకదానికొకటి మెలివేసి, నల్ల టేపు చుట్టి ఉంది. మెలిక చివర వెనక్కి మడిచి ఉంది. ఆ మడత నాకు తెలుసు. స్టార్టర్ డబ్బాలో చూశాను.

స్విచ్చు సందు చూశాను. సబ్బు, ఉప్పునీళ్లు కలిసి సున్నంలా గట్టిపడి ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఊడిపోయింది. అంతే దాని జబ్బు. వాడు అక్కడ చూడనే లేదు. మిషను నోరు మూసి పోయాడు.

తీగ తీయలేదు. ప్రశాంత్ కళ్లతో చూడాలి.

సాయంత్రం వాడు పొలం నుంచి వచ్చాడు. పెండ్లాం చేయి చూశాడు. తీగ చూశాడు.

"చిన్నాయిన చెప్పే ఉంటడు నాయినా. గీమెనే మరిచింది కావచ్చు."

చెంప మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. పెదవి పగిలింది. వాడు నా రొమ్ము మీద చేయి వేసి తోశాడు. గోడకు తల తగిలి కళ్లు బైర్లు కమ్మాయి.

"అమ్మ పోయినకాడికెల్లి గదే పాట," అన్నాడు నోట్లో రక్తం ఉమ్మి. "రేపు పిలుస్త. నీ ముందరనే అడుగుత. ఇగ ఆపు."

అడగలేదు. పొద్దున్నే క్రాసింగుకు కూలోళ్లు వచ్చారని పొలం పోయాడు. రాములు మాత్రం వచ్చాడు. ఈసారి నేను బయటికి పోలేదు. స్విచ్చు బోర్డు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వాడు నన్ను చూసి గడపలో ఒక్క క్షణం ఆగాడు. తరువాత లోపలికి వచ్చాడు. భుజం మీద పొడుగు తువ్వాల ఉంది.

"ఏమైంది బిడ్డా, చెయ్యి ఇరిగిందా?"

"ఇరగలె. పెంకులు దిగినయి. జర చెప్పకపోతివి చిన్నమామా."

"చెప్పిన గద."

"ఎప్పుడు?"

"ఆ దినమే. నువ్వు పొయ్యికాడ ఉంటివి. డైరెక్ట్ ఇచ్చిన, మూత తెరిస్తే ఆగదు, చెయ్యి పెట్టకు అన్న. నువ్వు ఊ అన్నవు."

"నేను ఊ అనలే."

"పనిల పడి మరిచినవు కావచ్చు."

అవే మాటలు. అదే గొంతు. అమూల్య నా వైపు చూసింది. ఆమె బతికి ఉంది కాబట్టి, అనలేదు అని చెప్పగలిగింది.

"అయినా పరేషాన్ అయ్యేటంత ఏముంది దీంట్ల," అన్నాడు వాడు. "ముందుగాల మెల్లగ తిరుగుతది. చెయ్యి తీసుకునేటంత టైం ఉంటది. ఇగో, చూపిస్త."

ప్లగ్గు వాడే పెట్టాడు. స్విచ్చు వాడే వేశాడు. నిన్నటి తడిబట్టలు లోపలే ఉన్నాయి. మూత బార్లా తెరిచి, పిండే బటన్ నొక్కాడు. మిషను మొదట ఒక గుంజు గుంజి ఆగుతుంది. మళ్లీ గుంజుతుంది. ఆ తరువాతనే వేగం అందుకుంటుంది.

"ఇగో, గిట్ల," అని వంగి చేయి లోపల పెట్టాడు.

తువ్వాల భుజం మీది నుంచి జారింది. కొస బట్టల్లో పడింది. మిషను గుంజింది. తువ్వాల వాడి మణికట్టు మీదుగా పోయి మెలిపడింది. వాడు నవ్వుతూనే చేయి వెనక్కి తీయబోయాడు. రాలేదు. మళ్లీ గుంజింది. మోచేయి దాకా పోయింది. నవ్వు పోయింది.

"బందు చెయ్యి. అన్నా, బందు చెయ్యి."

నేను లేచి నిలబడ్డాను. స్విచ్చు నా వీపు వెనక ఉంది. అమూల్య ఉరికి వచ్చింది. నేను పక్కకు జరగలేదు.

బాలనాగమ్మ పోయిన తరువాత వాడితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"వదినకు చెప్పినవా?"

"అన్నా, చెయ్యి..."

గుంజింది. వాడి దవడ మిషను అంచుకు కొట్టుకుంది. పన్ను ఊడి రక్తం కారింది.

"చెప్పినవా?"

"చెప్పిన. చెప్పిన అన్నా. దేవుని తోడు."

నేను కదలలేదు. మిషను మళ్లీ గుంజింది. భుజం లోపలికి పోయింది, కాళ్లు నేల నుంచి లేచాయి. ఎముక విరిగింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. వేపకట్టె దెబ్బకు విన్నదే. వాడు మనిషిలా అరవడం లేదు. అమూల్య బాగున్న చేత్తో నా వీపు మీద, మెడ మీద గుద్దుతున్నది. నా భుజాన్ని కొరికింది. చొక్కా చిరిగి పళ్లు దిగాయి.

"సస్తడు మామా. సచ్చిపోతడు. జరుగు."

"చెప్పినవా రాములూ?"

"చెప్పలె."

గొంతు చిన్నగా వచ్చింది. మిషను మోతలో కూడా విన్నాను.

"చెప్పలె అన్నా. పొద్దువోయిందని ఉరుకులాడి పోయిన. చెప్పాలనుకున్న. నేనే మరిచిపోయిన. వదిన గాదు. నేనే మరిచిన."

స్విచ్చు ఆపాను.

తువ్వాల కోస్తే చేయి వచ్చింది కానీ అది చేయిలా లేదు. వేళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. మాంసం చీలి తెల్లటి ఎముక కనిపించింది. జీపు మాట్లాడి కర్నూలు తీసుకుపోయాము. దారి పొడుగునా వాడి రక్తం నా పంచె మీద కారింది. వాడి తల నా ఒళ్లో ఉంది. వేరే చోటు లేదు కాబట్టి ఉంది.

చేయిని మోచేతి పైదాకా తీసేశారు.

ప్రశాంత్ దవాఖాన వాకిట్లో నా మీద పడ్డాడు. అమూల్య దాచకుండా అంతా చెప్పింది. నేను దాచమని అనలేదు. పదిమంది చూస్తుండగా నా కొడుకు నన్ను పిడికిళ్లతో కొట్టాడు. నేను చేయి అడ్డం పెట్టలేదు.

"ఒప్పుకున్నడా? చెయ్యి నలుగుతుంటే ఎవడన్న ఒప్పుకుంటడు. నేను చంపిన అనమన్నా అంటడు. గదొక మాటనా?"

రాములు పెండ్లాం సత్యమ్మ వచ్చి నా ముఖం మీద ఉమ్మింది. "నీ పెండ్లాం మరిచి సచ్చింది. నువ్వు మరవకుండ చంపుతున్నవు," అంది.

ముఖం తుడుచుకున్నాను. ప్రశాంత్ అన్నదాంట్లో ఒకటి నిజం. ఆ మాట అట్లా వస్తే చెల్లదు. ఊరు దాన్ని కూడా రెండు రోజుల్లో వాడి వైపు తిప్పుకుంటుంది. బాలనాగమ్మ మరిచిన మనిషిగానే మిగిలిపోతుంది.

వాడికి మెలకువ వచ్చిందని తెలిసి లోపలికి పోయాను. సత్యమ్మ అడ్డం వచ్చింది. ప్రశాంత్ నా రెక్క పట్టుకున్నాడు.

"కొట్టడానికి రాలే. ఒక్క మాట అడుగుత," అన్నాను.

రాములు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. భుజానికి కింద కట్టు, దాని కింద ఏమీ లేదు. నేను పెట్టిన కొడవలి గాటు చెవి మీద అట్లే ఉంది. మంచానికి దూరంగా నిలబడ్డాను. చేతులు వెనక కట్టుకున్నాను, అందరూ చూడాలని.

"రాములూ. ఇక్కడ మిషను లేదు. నా చేతిల స్విచ్చు లేదు. వదినకు చెప్పినవా?"

"నువ్వు మాట్లాడకు," అంది సత్యమ్మ వాడితో. "డాక్టరు మాట్లాడొద్దన్నడు."

వాడు గోడ వైపు చూశాడు. చెప్పిన అంటే అక్కడున్నవాళ్లంతా వాడి వైపే. వాడికీ తెలుసు అది.

"చెప్పలె," అన్నాడు. "ఆమెకూ చెప్పలె. గీ పిల్లకూ చెప్పలె."

సత్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రశాంత్ చేయి నా రెక్క మీది నుంచి జారిపోయింది. వాడు మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు.

"మా అమ్మను గిన్ని దినాలు..." అని ఆపేశాడు.

రాములు నన్ను క్షమించమని అడగలేదు. అడిగినా క్షమించేవాణ్ని కాదు. పోలీసులు వస్తే, 'నా చేతగానితనంతో నేనే చెయ్యి పెట్టుకున్న' అని చెప్పి పంపాడట. దానికి నేను దండం పెట్టను.

నేను బస్సెక్కి గద్వాల వచ్చాను. మిషను లోపల తువ్వాల ముక్కలు, ఎండిన రక్తం ఉన్నాయి. కడిగాను. డైరెక్ట్ తీగ కోసి పారేశాను. స్విచ్చు తీగలు ఎక్కడివక్కడ కలిపాను. మూత తెరిచి బటన్ నొక్కాను. పీపీ మని మొత్తుకుంది. కిటికీలో డి.ఈ. వచ్చింది. కొంతసేపు దాన్ని అట్లే మొత్తుకోనిచ్చాను.

ప్రశాంత్ ఊళ్లో అందరికీ చెప్పాడు, అమ్మ మరవలేదని. విన్నవాళ్లు విన్నారు. నాతో ఇంకా మాట్లాడడు. మాట్లాడమని నేను అడగలేదు. అమూల్య అన్నం పెడుతుంది, ముఖం చూడదు. నా భుజం మీద ఆమె పళ్ల గాట్లు మానలేదు.

ఆమె మణికట్టు కూడా మానలేదు. బట్టల పనికి అంజమ్మ అనే ఆమెను పెట్టుకుంది. అంజమ్మ మిషనును ఎన్నడూ ముట్టినది కాదు. మొదటి రోజు నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. మిషను తిరుగుతుంటే అమూల్య మూత ఎత్తింది. ఆగింది. అక్షరాలు వచ్చాయి.

"గివి కనపడితేనే చెయ్యి పెట్టు అంజమ్మా. కనపడకుంటే పెట్టకు, నన్ను పిలువు."

"మంచిదమ్మా," అంది అంజమ్మ.

అంతే. ఆ మాట చెప్పడానికి అమూల్యకు ఒక ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.